చౌడమ్మ తీసిన దిష్టి

ఓర్వకల్లుకు రెండు కోసుల దూరాన, రాళ్లగుట్టల నడుమ ఉన్న ఆ ఊళ్లో మగ్గాలవీధి ఒకటే. ఇటు పదకొండు ఇళ్లు, అటు పదకొండు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఈ కొసన ఎవరింట్లోనైనా తిరగమోత వేస్తే ఆ కొసన ఉన్నవాళ్లకు తుమ్ములొచ్చేవి. ఏ ఇంట్లో ఏం కూరో, ఎవరికి ఎవరితో మాటల్లేవో చెప్పకుండానే అందరికీ తెలిసేది. అటువంటి వీధిలో కాపురం చేస్తూ నేతగాడు కంబన్న రెండేళ్లపాటు ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరిగాడు. కళ్లు పోయినందుకు పడ్డ బాధ ఒక ఎత్తు, ఈ సంగతి దాచడానికి పడ్డ బాధ ఒక ఎత్తు.

కళ్లు పోవడమంటే ఒక పొద్దున లేచేసరికి లోకం చీకటైపోవడం అనుకుంటాం మనం. కాదు. కంబన్నకు నలభై రెండో ఏట మొదలైంది. ముందు లాంతరు మీద కోపం వచ్చింది ఆయనకు. చిమ్నీ మసిబారిందని పెళ్లాం మద్దమ్మను కసిరాడు. ఆమె ముగ్గుపిండి వేసి తోమింది. మర్నాడు మళ్లీ కసిరాడు. మూడోసారి ఆమె ఆ చిమ్నీని ఆయన చేతికే ఇచ్చి, "నువ్వే చూడు, యాడుండాది మసి?" అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చేశాడు. తర్వాత నూలు మీద కోపం వచ్చింది. ఈసారి నూలంతా మసకగా ఉందనీ, రంగు సరిగా ఎక్కలేదనీ వీధంతా చెప్పుకుని తిరిగాడు. మిగతావాళ్లు నేసేదీ అదే నూలు. కానీ కంబన్నంతటి నేతగాడి మాటకు ఎదురు చెప్పేదెవరు? సరేనని తలలూపారు.

ఆ తర్వాత పెళ్లిచీర. పచ్చకొంగు నేయాలి. పచ్చనూలు చుట్టిన కండె ఒకటి అయిపోగానే, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో ఇంకో కండె పెట్టుకుని, జానెడు నేసేశాడు. మద్దమ్మ వచ్చి చూసి అక్కడే కూలబడింది. అది పచ్చకండె కాదు, నల్లది. పెళ్లికూతురి కొంగులో జానెడు నలుపు. ఆ నేల మీద అంతకంటే అపశకునం ఉంటుందా? ఎవరైనా చూశారంటే ఆ ఇంటి చీర మళ్లీ ఏ పెళ్లికీ తీసుకోరు. ఆమె పరుగున పోయి వీధి తలుపు వేసింది. ఇద్దరూ కూర్చుని పొద్దు వాలేదాకా ఒక్కొక్క పోగే ఊడదీశారు. ఊడదీస్తూ ఊడదీస్తూ ఆయన అన్నాడు, "నాకు కండ్లు కనపడ్డంలేదే." ఆమె చేతులు ఆగలేదు. "నాకు తెలుసులే," అంది.

ఆ పొద్దు నుంచి కుడిచేతి బుట్టలో ఎరుపు, ఎడమచేతి బుట్టలో పచ్చ. నల్లకండెలు మూత ఉన్న కుండలో, చెయ్యి అందనంత దూరాన. ఎవరైనా చుట్టాలొచ్చి బుట్టలు జరిపితే కంబన్నకు ఏది ఎరుపో ఏది పచ్చో తెలిసేది కాదు. పోగు తెగితే వేలితో కనుక్కునేవాడు గానీ, దాన్ని తిరిగి దాని చోట అతకడానికి మద్దమ్మ రావాలి. నాలుగు రోజుల చీరకు తొమ్మిది రోజులు పట్టింది. పెరట్లోకి పోవడానికి ఆమె పాత పడుగునూలు పేని, తలుపు నుంచి పెరటిగోడ దాకా తాడు కట్టింది. దాన్ని పట్టుకుని నడిచేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో చూడలేక ఆమె ఏదో పని పెట్టుకుని లోపలికి పోయేది. ఆయన అన్నం కూడా గోడవైపు తిరిగి తినేవాడు, కూర కోసం కంచంలో చెయ్యి వెతుక్కోవడం ఎవరూ చూడకూడదని.

ఎంత దాచినా కొన్నాళ్లకు చూపు సంగతి ఊరికి తెలిసిపోయింది. ఊరివాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ చూపు తగ్గిన మనిషితో ఎలా మెలగాలో మనలో ఎంతమందికి తెలుసు? చెవులు కూడా పోయినట్టు ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడేవాళ్లు. ఏ కొత్తబట్ట నేసినా మొదట కంబన్న చేతిలో పెట్టి, ఆయన బాగుందంటే బాగున్నట్టు, అలా నడిచిన వీధి అది. ఇప్పుడు కులపెద్దలు కూర్చున్న చోట బట్ట ఆయన ముందు నుంచే పక్కవాడి చేతికి పోయేది. అది పోతున్న చప్పుడు ఆయనకు వినిపించేది. పెళ్లి పిలుపులకు వచ్చినవాళ్లు, "నీకెందుకులే అప్పా శ్రమ, మద్దమ్మను పంపు," అనేవాళ్లు. ఆ మాట విన్న రోజు ఆయన మగ్గం గుంతలో కూర్చుని, నాడె ముట్టకుండా, సాయంత్రం దాకా ఉండిపోయాడు.

ఇక ఆయన తల్లి చౌడమ్మ. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. ఆ వీధిలో దిష్టి తీయడమంటే చౌడమ్మే. పసిపిల్ల పాలు తాగకున్నా, ఎద్దు మేత ముట్టకున్నా ఆమె కోసమే వచ్చేవాళ్లు. గుప్పెడు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు మూడుసార్లు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటొచ్చి దగ్గొచ్చిందా, దిష్టి లేనట్టు. దగ్గు రాలేదా, దిష్టి గట్టిగా పట్టినట్టు, ఇంకో గుప్పెడు వేయాల్సిందే. ఇదీ లెక్క. కొడుకు కళ్లకు దిష్టే తగిలిందని ఆమె నమ్మకం. అంత బాగా నేస్తుంటే ఎవరి కన్ను పడిందో ఏమోనని రోజూ ఒకరి పేరు చెప్పేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, పక్కింటి గిడ్డయ్య బలవంతం చేసి కంబన్నను అక్కడి ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చూసి, కుడికన్ను శుక్లం ముదిరింది, తీసేస్తే చూపొస్తుంది అన్నాడు. ఎడమకంటిది ఇంకా ముదరలేదు, అది పూర్తిగా ముదిరి చీకటయ్యాక రావాలన్నాడు. కుడికంటికి కత్తి పెట్టారు. రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు అటొకటి ఇటొకటి ఇసుకసంచులు పెట్టి, పదిరోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు, "ఇంకో పది రోజులకు వచ్చి కట్టు విప్పించుకో. అంతదాకా వంగొద్దు, బరువెత్తొద్దు. అన్నిటికంటే ముఖ్యం, దగ్గొద్దు, తుమ్మొద్దు. తుమ్మితే కుట్టు తెగుతుంది, కన్ను పోతుంది."

బస్సులో ఓర్వకల్లు దాకా, అక్కణ్నుంచి బండిలో ఊరిదాకా కంబన్న ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. ఒక్క తుమ్ము రాలేదు. గిడ్డయ్య ఆయన్ని ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి, ఎద్దులకు నీళ్లు పెట్టొస్తానని పోయాడు. మద్దమ్మ నీళ్లకు బావికి పోయుంది. ఇంట్లో చౌడమ్మ ఒక్కతే. కొడుకు తల మీద చెయ్యి పెట్టి, కట్టు చుట్టూ వేళ్లతో తడిమి, ఏడ్చింది. తర్వాత డబ్బా మూత తీసిన చప్పుడు, ఉప్పుకుండలో చెయ్యి పెట్టిన చప్పుడు విని, ఆమె ఏం చేయబోతోందో కంబన్నకు అర్థమైంది.

వద్దమ్మా అని అప్పుడే అనేసి ఉంటే సరిపోయేది. మనకిప్పుడు ఆ మాట తేలిగ్గానే తోస్తుంది. కానీ కొడుకు ఆసుపత్రికి పోయిన నాటి నుంచి ఆమె ఒంటిపూట తింటూ మొక్కుకుంటున్న తల్లి. ఇన్నాళ్లూ కొడుకుకు అన్నీ ఇతరులే చేస్తుంటే, తను చేయగలిగింది ఇదొక్కటే అని ఎదురుచూస్తున్న మనిషి. ఆమె గొణుగుతూ, ముక్కు చీదుతూ, మూడుసార్లు తిప్పుతుంటే ఆయనకు నోరు రాలేదు. ఒక్క గుప్పెడే కదా, ఊపిరి బిగబడితే పోతుందనుకున్నాడు. ఆమె నిప్పుల్లో వేసింది. ఆయన ముక్కు మూసుకుని, పళ్లు బిగించి, తొడ గిల్లుకుంటూ కూర్చున్నాడు. పొగ కమ్మింది. ఆయన దగ్గలేదు.

ఆమె తనే దగ్గుతూ కొడుకు వైపు చూసింది. "చూడు నాయనా, నీకు దగ్గే రాలేదు. ఎంత దిష్టి పట్టినాదో," అంటూ ఇంకో గుప్పెడు తీసింది. రెండు గుప్పెళ్లంత తీసింది. ఇంక లాభం లేదని కంబన్న, "వద్దమ్మా," అని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి ఆ పొగ మొత్తం పోయింది.

నాలుగు తుమ్ములు. ఆ తర్వాత ఆగని దగ్గు. కంట్లో ఏదో పుటుక్కుమన్నట్టయింది. కట్టు కింద వెచ్చగా తడి. చౌడమ్మ మాత్రం సంతోషంగా, "వదిలింది, వదిలిపోయింది నాయనా," అంటూ వీపు నిమిరింది. ఆయన ఆమె చేతిని పట్టుకుని, "అవునమ్మా," అన్నాడు.

కట్టు విప్పే దాకా ఆ పది రోజులు ఆయన ఎలా గడిపాడో ఏం చెప్పేది. కన్ను సలుపుతున్నా నోరు తెరవలేదు. మద్దమ్మ అడిగితే నొప్పి అలాగే ఉంటుందని డాక్టరే చెప్పాడన్నాడు. పదో రోజున డాక్టరు కట్టు విప్పి, దీపం దగ్గరగా పట్టి చూశాడు. "తుమ్మినావా?" అన్నాడు. మద్దమ్మ పక్కనే ఉంది. "బస్సులో దుమ్ము సామీ. తుమ్మొచ్చినాది," అన్నాడు కంబన్న. ఆ కన్ను ఇంక రాదని చెప్పారు.

బయటికొచ్చాక, మద్దమ్మ నీళ్లు తాగడానికి పోయినప్పుడు, గిడ్డయ్య చెవి దగ్గర అడిగాడు, "అన్నా, బస్సులో నేను నీ పక్కనే కూసోనుంటి. నువ్వు యాడ తుమ్మినావు?" కంబన్న జరిగింది చెప్పాడు. చెప్పి, "అమ్మకు తెలిస్తే బతకదు గిడ్డయ్యా. నీ నోట రాకూడదు," అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఇంట్లోనూ బస్సు మాటే చెప్పాడు. చౌడమ్మ ఆ కంటివైపు చూసింది. తర్వాత, "ఆ బస్సు కాలిపోనూ," అంది.

ఆ రోజు మొదలు రెండేళ్లపాటు ఆమె ఆ బస్సును తిట్టని రోజు లేదు. దాని చక్రాలు ఊడిపోవాలని, దాని ముఖాన మన్ను పడాలని తిట్టేది. ఆమెను చూసి వీధిలో ఆడవాళ్లంతా ఆ బస్సునే తిట్టేవాళ్లు. గిడ్డయ్య ఆ తిట్లు విన్నప్పుడల్లా తల వంచుకుని లేచిపోయేవాడు. కంబన్నకు మాత్రం ఆ తిట్లు వింటుంటే ప్రాణం కుదుటపడేది. అమ్మకు తెలియలేదు, తెలియదు అనుకునేవాడు.

ఎడమకన్ను రోజురోజుకూ మసకబారుతూ వచ్చింది. ఎంత విచిత్రమో చూడండి, ఉన్న కాస్త వెలుతురూ పోతేగానీ డాక్టరు కత్తి పట్టడు. పోవాలని కోరుకోవాలా, ఉండాలని కోరుకోవాలా? మొదట బుట్టల రంగులు పోయాయి. తర్వాత మద్దమ్మ ముఖం పోయింది. కిటికీ ఉన్న చోట తెల్లగా ఏదో ఉందని మాత్రం తెలిసేది. అదీ పోయిన రోజున ఆయన మగ్గం దిగి, మళ్లీ ఎక్కలేదు. పందొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం ఎండలు ముదరకముందే గిడ్డయ్య మళ్లీ కర్నూలుకు తీసుకుపోయాడు.

ఈసారి ఇసుకసంచుల నడుమ పదిరోజులు పడుకుని ఆయన ఆలోచించిందంతా ఒకటే. ఇంటికి పోతే అమ్మ మిరపకాయలు తీస్తుంది. తియ్యొద్దంటే ఎందుకంటుంది. పొగ పడదని డాక్టరు చెప్పాడంటే, మరి అప్పుడు చెప్పలేదా అంటుంది. అప్పుడూ చెప్పాడంటే ఇంక దాచేదేముంది, తన చేత్తోనే కొడుకు కన్ను తీశానని ఆ ముసలి ప్రాణానికి తెలిసిపోతుంది. చెప్పకపోతే ఉన్న ఒక్క కన్నూ పోతుంది. మద్దమ్మతో చెప్పి ఆపిద్దామా అంటే ఆమెకూ అదే ప్రశ్న వస్తుంది. ఏ అబద్ధం అల్లినా చివరకు ఆ మొదటి కన్ను దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఒకపూట నిజం చెప్పేస్తాననుకునేవాడు. మరుపూటకు, గుడ్డివాణ్నయినా పరవాలేదు, అమ్మకు తెలియకూడదనుకునేవాడు.

ఓర్వకల్లులో బస్సు దిగి బండెక్కాక, "నిదానంగా తోలు," అన్నాడు గిడ్డయ్యతో. గిడ్డయ్యకు సంగతి అర్థమైంది. "నేను చెప్పేదా అన్నా అమ్మకు?" అన్నాడు. "వద్దు," అన్నాడు కంబన్న. బండి కొంత దూరం పోయాక, "ఏమో," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు బండి మగ్గాలవీధిలోకి తిరిగింది. మగ్గాలు దిగి పొయ్యిల దగ్గరికి చేరే వేళ అది. ఇరవై రెండు ఇళ్లలో ఆవాలు చిటపటలాడాల్సిన వేళ. కంబన్న తుండుగుడ్డ ముక్కుకు అదిమిపట్టుకున్నాడు. రెండిళ్లు దాటాయి. ఐదిళ్లు దాటాయి. ఏ వాసనా లేదు. గుడ్డ కొంచెం తీసి చూశాడు. వీధి వీధంతా ఏ ఘాటూ లేకుండా చప్పగా ఉంది.

వీధిలో శవం లేస్తేనే పొయ్యిలు ఆరతాయి. కంబన్న గిడ్డయ్య వైపు తిరిగాడు. "గిడ్డయ్యా, ఎవురన్నా పోయినారా?"

"ఎవురూ ఏడుస్తాన్నట్టు లేదే అన్నా," అన్నాడు గిడ్డయ్య. కానీ ఆయన గొంతులోనూ భయముంది.

అమ్మే పోయిందనుకున్నాడు కంబన్న. తను ఆసుపత్రిలో కదలకుండా పడుకోవాలి కాబట్టి కబురు పంపలేదనుకున్నాడు. బండి ఆగగానే మద్దమ్మ చెయ్యి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "అమ్మ యాడ?" అన్నాడు.

"లోపలుండాది. నిదానంగా దిగు, వంగొద్దు," అంది మద్దమ్మ. పట్టుకుని నడిపిస్తూ ఆమె చిన్నగా చెప్పుకొచ్చింది. పొద్దున్నే లేచి అత్త ఇంటింటికీ పోయిందంట. ఒక్క గడపా వదల్లేదంట. గడప బయటే నిలబడి, "నా చేత్తో నా కొడుకు కన్ను తీసినానమ్మా. మిరపకాయలు కాల్చి తీసినా. రెండోది మీ పొయ్యిల్లో ఉండాది. పది రోజులు తిరగమోత వెయ్యగాకండి, మీ కాళ్లు మొక్కుతా," అందంట. ఏ ఇంట్లోనూ ఎవరూ ఎదురు చెప్పలేదంట.

కంబన్న గుమ్మం పట్టుకుని ఆగిపోయాడు. "అమ్మా," అన్నాడు.

చౌడమ్మ దగ్గరికి రాలేదు. దూరంగా, గోడమూల నుంచి వచ్చింది ఆమె గొంతు. "ఆ పొద్దు నీ కట్టు తడిసింది నేను చూడలేదనుకున్నావా రా?"

"మరి ఇన్నాళ్లూ బస్సును ఎందుకు తిట్టినావమ్మా?"

"నువ్వు బస్సని చెప్పినావు కదా నాయనా. నీ మాట నిలబెట్టల్లని తిట్టినా." ఆమె ముక్కు చీదుకుంది. "నేను ఆపొద్దే ఒప్పుకునుంటే నువ్వు నన్ను ఓదార్చల్ల. కండ్లు పోగొట్టుకున్నోనితో ఓదార్పించుకునేదా నేను?"

ఆయనకు ఏడుపు పొంగుకొచ్చింది. పెదవి అదరడం ఆమె చూసింది. "ఏడవగాకు," అంది గాభరాగా. "కంటికి మంచిది కాదు. లోపలికి పోయి పడుకో."

పది రోజులు ఆ వీధి చప్పిడి పప్పు తింది. కూరలు ఉడకేసి ఉప్పు చల్లుకున్నారు. మగవాళ్లు కంచాల ముందు మూలిగారు, ఒకరిద్దరు కోపంగా లేచిపోయారు కూడా. అయినా ఒక్క ఇంట్లో ఆవగింజ చిటపటలాడలేదు. చౌడమ్మ పొద్దస్తమానం వీధి అరుగు మీద కూర్చుని గాలి వాసన చూస్తూ కాపలా కాసింది. కొడుకు ఉన్న గదిలోకి మాత్రం అడుగు పెట్టలేదు. తన చీరకు ఏ మిరపకారం అంటుకుని ఉందోనని భయం. కంబన్న ప్రతి చిన్న దురదకూ ముక్కు అదిమిపట్టేవాడు. ఒకసారి ముక్కులో ఏదో కదిలినట్టయితే మద్దమ్మ పరుగున వచ్చి పైపెదవి మీద వేలితో గట్టిగా నొక్కిపట్టింది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో వాళ్లకే తెలియదు. తుమ్ము వెనక్కిపోయింది.

పదో రోజు కర్నూలులో కట్టు విప్పారు. డాక్టరు వంగి చూస్తున్నంతసేపూ కంబన్న ఊపిరి తీయలేదు. వెలుతురు కత్తిలా తగిలి, తర్వాత మెల్లగా సర్దుకుంది. రూపులన్నీ అలుక్కుపోయినట్టున్నాయి, అద్దాలు పెడితే నిలబడతాయన్నారు. కానీ పక్కనున్న మద్దమ్మ కొంగు ఎర్రగా ఉంది. ఎరుపు ఎరుపులాగే ఉంది. "ఎర్రంచు," అన్నాడాయన. మద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుట్టు బాగా అతుక్కుందనీ, ఇంక దగ్గినా తుమ్మినా భయం లేదనీ డాక్టరు చెప్పాడు.

సాయంత్రం వాళ్లు ఇల్లు చేరేసరికి చౌడమ్మ అరుగు మీదే ఉంది. లేచి నిలబడింది గానీ ముందుకు రాలేదు. "దగ్గొచ్చునంటనా?" అని అడిగింది. అంతే అడిగింది.

"దగ్గొచ్చునంటమ్మా," అన్నాడు కంబన్న.

ఆమె వీధి మధ్యకు నడిచి, అటూ ఇటూ తిరిగి, "వేసుకోండమ్మా తిరగమోతలు," అని కేకేసింది. ఎంతసేపు పట్టింది? పదిరోజుల నుంచి కాచుకుని ఉన్న బాణళ్లు. ముందు గిడ్డయ్య ఇంట్లో, తర్వాత ఎదురింట్లో, తర్వాత కొసదాకా ఇళ్లన్నిట్లో నూనెలు కాగాయి, ఆవాలు చిట్లాయి, మిరపకాయలు మాడాయి. ఆ ఘాటుకు వీధి వీధంతా తుమ్మడం మొదలుపెట్టింది. కంబన్నకు ముక్కు చురుక్కుమంది. అలవాటుగా చెయ్యి ముక్కు మీదికి పోయింది. ఆగాడు. భయపడుతూనే చెయ్యి తీసేశాడు. గుంజ పట్టుకుని తుమ్మాడు, దగ్గాడు, కళ్లవెంట నీళ్లు కారేదాకా దగ్గాడు.

చౌడమ్మ అప్పుడు దగ్గరికి వచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, కొడుకు వీపు మీద పెట్టింది.

"దగ్గినావు కదా," అంది. "ఇంక దిష్టి లేదు లే నాయనా."